దారి చెప్పినందుకు కూడా ఫీజా?

మా రోజుల్లో ఊరెళ్ళేవాడికి దారి చెప్పడం పుణ్యం. ఇప్పుడది సైడ్ బిజినెస్. డల్లాస్‌లో ఉంటున్న మా మేనకోడలు ఫోన్ చేసి, "మావయ్యా, డిస్నీ వరల్డ్‌కి వెళ్ళే ఫ్యామిలీస్‌కి ట్రిప్ ప్లాన్ చేసిపెట్టే పని మొదలెడుతున్నా, ఫీజు తీసుకుంటా" అని చెప్పిన దగ్గర్నుంచీ నాకు మనసు మనసులో లేదు. ప్లానంటే ఏమిటే అని అడిగాను. ఏ రోజు ఏ పార్కుకి వెళ్ళాలి, గేటు తియ్యగానే ఏ రైడు దగ్గరికి పరుగెత్తాలి, ఎక్కడ తినాలి, మధ్యాహ్నం పిల్లని ఎన్నింటికి హోటల్లో పడుకోబెట్టాలి, అన్నీ రాసిస్తుందట. పిల్లల్ని రంగులరాట్నం ఎక్కించడానికి కూడా సలహాదారు కావాలిట్రా నాయనా మీ తరానికి?

నేను రైల్వేలో బుకింగ్ క్లర్కుగా పనిచేసి రిటైరైన మనిషిని. కాశీకి వెళ్దామనుకున్న ప్రతి కుటుంబం సాయంత్రం మా అరుగు మీదికి వచ్చి కూర్చునేది. సర్క్యులర్ జర్నీ టికెట్ అని ఒకటుండేది, ఇప్పటికీ ఉంది, మీలో ఒక్కడికైనా తెలుసా? బయల్దేరిన స్టేషనుకే తిరిగొచ్చేటట్టు తీసుకోవాలి. దారిలో ఎనిమిది చోట్ల దిగొచ్చు. విడివిడిగా కొంటే అయ్యే ఖర్చు కంటే తక్కువ పడుతుంది, ఎందుకంటే దూరం పెరిగేకొద్దీ కిలోమీటరుకి పడే చార్జీ తగ్గుతుంది. బెజవాడలో గ్రాండ్ ట్రంక్ ఎక్కండి, ఇటార్సీలో దిగి అలహాబాదు వైపు బండి పట్టుకోండి, సత్రంలో గది అడిగేటప్పుడు ముందు ఊరి పేరు చెప్పండి, పండా చేతిలో డబ్బు పెట్టేముందు ఎంతో ఒప్పందం చేసుకోండి అని నేను చెబుతుంటే ఇంటి పెద్దావిడ కొంగున ముడేసుకున్నంత జాగ్రత్తగా వినేది. తిరిగొచ్చాక ఒక గంగ చెంబు, నాలుగు కాశీ తాళ్ళు మా ఇంటికి వచ్చేవి. అదే నా ఫీజు. అదీ ఫీజే కదా అంటుంది మేనకోడలు. కాదే పిచ్చిదానా. అది ఇవ్వకపోయినా మరుసటేడు వాళ్ళ తమ్ముడొచ్చి అడిగితే చెప్పేవాణ్ణి.

ఈ పని మనవాళ్ళకి కొత్తది కూడా కాదు. మద్రాసు నుంచి ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830లో కాశీకి బయల్దేరి 1831లో తిరిగొచ్చారు. రైలు లేదు, బస్సు లేదు. మజిలీ మజిలీకీ నీళ్ళున్నాయా, అంగళ్ళున్నాయా, దారి ఎలా ఉంది అన్నీ రాసుకుంటూ వెళ్ళారు. అదే 1838లో 'కాశీయాత్ర చరిత్ర'గా అచ్చయింది. తరవాత వెళ్ళేవాడికి పనికొచ్చేటట్టు ఒక మనిషి అంత ఓపికగా రాశాడంటే నాకు ఈనాటికీ ఆశ్చర్యమే. ఆయన గంటకింత అని అడగలేదు.

సరే, వేడుకల సంగతికి వద్దాం. మాకు థీమ్ పార్కంటే కోటప్పకొండ తిరనాళ్ళే. శివరాత్రికి ప్రభల వెనకాల నడుచుకుంటూ వెళ్ళేవాళ్ళం. కొండ కింద రంగులరాట్నం, మిఠాయి అంగళ్ళు, బొమ్మలవాడు. మా నాన్నగారి ప్లానంతా ఒక్క మాటే: చెయ్యి వదలకండి, తప్పిపోతే ప్రభ దగ్గర నిలబడండి. ఉద్యోగం వచ్చాక హైదరాబాదులో నాంపల్లి నుమాయిష్ చూశాను. 1938లో మొదలైంది, ఏటా జనవరిలో పెడతారు. అక్కడా అంతే. లోపలికి టికెట్, ఎక్కిందానికి డబ్బులు, కాళ్ళు నొప్పెడితే ఇల్లు. అరవై రోజుల ముందు ఇడ్లీ బుక్ చేసుకోవడం మా ఊహకి కూడా అందేది కాదు.

డిస్నీ వరల్డ్‌లో అరవై రోజులంటే ఉత్తమాట కాదు. కూర్చుని తినే హోటల్లో బల్ల కావాలంటే అరవై రోజుల ముందు నుంచే రిజర్వేషన్లు తెరుస్తారు. పేరున్న చోట్ల గబగబా అయిపోతాయి. మొదట్లో ఇలా లేదు. కాలిఫోర్నియాలో డిస్నీల్యాండ్ 1955లో తెరిచాక కూపన్ పుస్తకాలు పెట్టారు, ఏ, బీ, సీ అని మొదలై 1959 కల్లా 'ఈ' దాకా వెళ్ళాయి. గొప్ప రైడ్లకి 'ఈ' టికెట్, చిన్నవాటికి 'ఏ' టికెట్. పిల్లవాడి చేతిలో పుస్తకం పెడితే వాడే లెక్క చూసుకునేవాడు. ఫ్లోరిడాలో, ఆర్లాండో పక్కన, 1971 అక్టోబరు 1న డిస్నీ వరల్డ్ మొదలైనప్పుడు పెద్దవాళ్ళకి ప్రవేశం మూడున్నర డాలర్లు. రైడ్ల కూపన్లు విడిగా. ఒకటే పార్కు. 1982లో ఎప్‌కాట్ వచ్చింది, కూపన్ పుస్తకాలు పోయాయి. 1989లో స్టూడియోలు, 1998లో యానిమల్ కింగ్‌డమ్. ఇప్పుడు నాలుగు పార్కులు, రెండు నీళ్ళ పార్కులు. 2018 నుంచి తేదీని బట్టి టికెట్ ధర. 2023లో రద్దీ రోజున మ్యాజిక్ కింగ్‌డమ్‌కి ఒక్కరికి 189 డాలర్లు పలికింది.

ధర కంటే నన్ను బాధపెట్టేది క్యూ సంగతి. 1999లో ఫాస్ట్‌పాస్ అని పెట్టారు. మిషన్లో టికెట్ దూరిస్తే ఫలానా టైముకి రా అని చీటీ వచ్చేది. డబ్బు కట్టక్కర్లేదు. 2021లో అదే సౌకర్యానికి వెల కట్టారు. 2024లో మళ్ళీ పేరు మార్చి మల్టీ పాస్, సింగిల్ పాస్ అన్నారు. వాళ్ళ రిసార్టులో దిగినవాడు ఏడు రోజుల ముందు, బయట దిగినవాడు మూడు రోజుల ముందు ఫోను పట్టుకుని కూర్చుని బుక్ చేసుకోవాలి. ఒకే రైడుకి రెండు వరసలు, డబ్బు కట్టిన పిల్లాడు ఒకదాంట్లో, కట్టని పిల్లాడు ఇంకోదాంట్లో, మధ్యలో ఒక కమ్మీ. ఆ కమ్మీ అవతల నిలబడ్డ పసివాడు వాళ్ళ నాన్నని ఏమని అడుగుతాడో మీరెవరైనా ఆలోచించారా? తిరుమలలో మూడొందల టికెట్ లేదా అని మేనకోడలు నా నోరు మూయించబోయింది. ఉంది, అదీ నాకు నచ్చదు. కానీ అక్కడ కాణీ కట్టకుండా సర్వదర్శనానికి వెళ్ళి కంపార్టుమెంటులో కూర్చున్నవాడికి ప్రసాదం పెడతారు, పాలిస్తారు. ఎదురుచూసేవాడికి ఆ మర్యాదైనా దక్కాలి.

అసలు సంగతి ఇదీ. చోటు ఎంత చిక్కుపడితే దారి చెప్పేవాడికి అంత గిరాకీ. 1985లోనే అమెరికావాడు డిస్నీ వరల్డ్‌కి 'అనఫీషియల్ గైడ్' అని లావుపాటి పుస్తకం వేశాడు. దాంట్లో పనిచేసే లెన్ టెస్టా అనే ఆయన, ఏ రైడు తరవాత ఏ రైడెక్కితే తక్కువ నిలబడాలో లెక్కగట్టడానికి కంప్యూటర్ సైన్సులో మాస్టర్స్ థీసిస్ రాశాడు. ట్రావెలింగ్ సేల్స్‌మన్ లెక్కట అది. సెలవుకి వెళ్ళడానికి థీసిస్!

మా పిల్ల వ్యాపారం సంగతి అడిగి అడిగి తెలుసుకున్నాను, నాకేం అర్థమవుతుందిలే అని అది తేలిగ్గా తీసుకోబోయింది గానీ. ఒక పెద్ద ఏజెన్సీ కింద చేరుతుంది. డిస్నీ ఏజెంట్లకి పెట్టే పాఠాలు చదివి పాసవుతుంది. హోటలూ టికెట్లూ దాని ద్వారా బుక్ చేస్తే డిస్నీ కమీషన్ ఇస్తుంది, ఏజెన్సీ తన వాటా తీసుకుని మిగతాది దీనికిస్తుంది. కుటుంబానికి పైసా ఎక్కువ పడదు. కానీ కమీషన్ ఆ కుటుంబం వెళ్ళొచ్చాకే చేతికొస్తుంది. వాళ్ళు ట్రిప్ మానుకుంటే నెలల తరబడి పడ్డ చాకిరీ నీళ్ళపాలు. అందుకని విడిగా ప్లానింగ్ ఫీజు పెడతానంటోంది.

ఇక్కడ నేను కాస్త తగ్గాల్సి వచ్చింది. కమీషన్ అనేది బిల్లులో ఇంత శాతమని వస్తుంది. బిల్లు పెరిగితే అది పెరుగుతుంది. నాలుగు రోజులు చాలే కుటుంబానికి ఆరు రోజులు చెప్పాలనిపించే దారి అది. ఫీజంటే ఎదురుగా కనిపిస్తుంది, ఇచ్చేవాడికి తెలిసి ఇస్తాడు. తీసుకోకుండా ఉంటే మేలు. తీసుకోక తప్పకపోతే ఫీజే తీసుకో, కమీషన్ సంగతి కూడా మొదటి రోజే వాళ్ళకి చెప్పెయ్ అన్నాను. ఇంకో మాట కూడా గుర్తుచేసింది అది. మా బాబాయి ఒకాయన ఉచితంగానే ఒక కుటుంబాన్ని మూతపడ్డ సత్రానికి పంపించాడు, వాళ్ళు పసిపిల్లలతో రాత్రంతా ప్లాట్‌ఫారం మీద పడుకున్నారు. ఊరికే చెప్పిన సలహా కదా, ఎవరూ ఆయన్ని నిలదీయలేదు. "డబ్బు తీసుకుంటే జవాబు చెప్పాలి మావయ్యా" అంది. దీనికి నా దగ్గర జవాబు దొరకలేదు. దొరికితే చెబుతాను.

ఇలాంటి పని మొదలెట్టాలనుకునే పిల్లలకి ఒక్క హెచ్చరిక, ఇది మాత్రం చెవిన పెట్టండి. ముందు మీ వీసా చూసుకోండి. హెచ్1బీ మీద ఉన్నవాడు తన కంపెనీ పని తప్ప పక్కన ఇంకో పని చేసి సంపాదించకూడదు. హెచ్4 మీద ఉన్న అమ్మాయిలకి పని చేసుకునే అనుమతి 2015 నుంచి కొందరికి ఇస్తున్నారు, ఆ కార్డు చేతికి రాకుండా రూపాయి ముట్టుకోవద్దు. ఫ్లోరిడా, కాలిఫోర్నియా లాంటి రాష్ట్రాల్లో ప్రయాణాలు అమ్మేవాడు రిజిస్టర్ చేసుకోవాలని చట్టముంది. మా అరుగుకి రిజిస్ట్రేషన్ లేదు. కాలం అలా వచ్చింది.

డబ్బు తీసుకుంటావు గనక పనికొచ్చేది చెప్పమన్నాను మేనకోడలితో. మూడేళ్ళు నిండని పిల్లకి టికెట్ అక్కర్లేదు. స్పేస్ మౌంటెన్‌కి నలభై నాలుగు అంగుళాల ఎత్తుండాలి, ఇంట్లోనే గోడకి నిలబెట్టి కొలవమను, అక్కడిదాకా వెళ్ళి వెనక్కి పంపితే పిల్లాడి మొహం చూడలేం. చిన్నపిల్ల ఎక్కలేని రైడైతే తల్లీ తండ్రీ ఒకరి తరవాత ఒకరు ఎక్కే ఏర్పాటుంది, రెండోవాళ్ళు మళ్ళీ పెద్ద క్యూలో నిలబడక్కర్లేదు. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని జూన్, జూలైల్లో తీసుకెళ్తారు, ఫ్లోరిడాలో అప్పుడే ఎండ, మధ్యాహ్నం ఉరుములతో వాన. పెద్దవాళ్ళకి వీల్‌చెయిర్ అద్దెకి దొరుకుతుందని ముందే చెప్పు, మొహమాటపడి అడగరు వాళ్ళు. తిండి లోపలికి తెచ్చుకోవచ్చు, గాజు సీసాలు కూడదు, వేడిచేసుకునే వస్తువులు కూడదు. అంటే పులిహోర, దద్దోజనం హాయిగా పట్టుకెళ్ళొచ్చు. ఈ ఒక్క మాటకే సగం తెలుగు కుటుంబాలు నీకు దణ్ణం పెడతాయి. యానిమల్ కింగ్‌డమ్ లాడ్జిలో సనా అనే హోటల్లో నాన్ రొట్టెలూ పచ్చళ్ళూ పెడతారు. అది కూడా రాయి.

రోజూ ఒక పూట ఏమీ రాయకుండా వదిలెయ్యమన్నాను. నిమిషం నిమిషం నింపేస్తే ఆ పిల్ల అక్కడ ఏం చూసినట్టు? తిరనాళ్ళలో నేను రాట్నం ఎక్కినదాని కంటే బొమ్మలవాడి దగ్గర నిలబడ్డదే ఎక్కువ, ఎవరూ లాక్కెళ్ళలేదు. ఖాళీ పూట పెడితే క్లయింట్లు ఒప్పుకోరు మావయ్యా, డబ్బిచ్చాం కదా ఇదేమిటంటారు అంది. ఒప్పించు, ఫీజు దానిక్కూడా తీసుకుంటున్నావుగా అన్నాను.

ఇంకొకటి కూడా ఖచ్చితంగా చెప్పేశాను. బంధువుల దగ్గరా, మన ఊరివాళ్ళ దగ్గరా ఫీజు ముట్టుకోకూడదు. మా వియ్యపురాలి చెల్లెలు కుటుంబం వచ్చే నెల ఆర్లాండో వెళుతున్నారు. ఆవిడకి దీని నంబరు నేనే ఇచ్చాను.