గుర్రానికి కవచం, జేబుకు చిల్లు

వీడియో గేముల లోకం ఎప్పుడు చెడిందని ఎవరైనా అడిగితే నేను తడుముకోకుండా 2006 ఏప్రిల్ అంటాను. చెడగొట్టింది గుర్రం. ఆబ్లివియన్ అనే ఆటలో మనం ఎక్కి తిరిగే గుర్రానికి ఒక కవచం చేసి, బెథెస్డా కంపెనీ దాన్ని విడిగా రెండున్నర డాలర్లకు అమ్మకానికి పెట్టింది. ఆట కొనేశాం, ఆటలో గుర్రం ఉంది, గుర్రం సుఖంగానే ఉంది. అయినా కవచం. లోకమంతా పడీపడీ నవ్వింది. నవ్వినవాళ్లలో కొందరు నవ్వుతూనే కొన్నారు. కంపెనీలు నవ్వుల్ని పట్టించుకోలేదు, డాలర్లు మాత్రం లెక్కపెట్టుకున్నాయి.

ఆ గుర్రం సంతతే ఇప్పుడు మా మేనల్లుడి ఫోన్లో తిరుగుతోంది. వాడాడే ఆట పూర్తిగా ఉచితం. "పైసా ఖర్చు లేదు మావయ్యా" అని వాడు నాకు చెప్పిన వారానికే మా అక్క ఖాతాలోంచి పద్దెనిమిది వందలు ఎగిరిపోయాయి. ఆరా తీస్తే, ఆటలో వాడి మనిషికి కోటు కొన్నాడట. అక్క కేకలు వేసింది, కాసేపు ఏడ్చింది, తర్వాత ఇల్లాలి బుద్ధి పోనిచ్చుకోక, "కొన్నావు సరే, ఆ కోటేదిరా, ఒకసారి ఉతికిపెడతాను" అంది.

కోటుతో పోయిందా అంటే, లేదు. సీజన్ పాస్ అని ఒకటుంది. డబ్బిచ్చి కొనుక్కుంటే సరిపోదు, కొన్న వస్తువులు చేతికి రావాలంటే రోజూ వెళ్లి చెప్పిన పని చెయ్యాలి. ఇవాళ పదిమందిని కాల్చు, రేపు పడవలో తిరుగు. మా వాడు ఇంజినీరింగ్ కాలేజీలో హాజరు చాలక కండొనేషన్ ఫీజు కట్టాడు. ఆటలో మాత్రం ఒక్కరోజు నాగా లేదు. బంధువుల పెళ్లికి రమ్మంటే, "ఆదివారంతో సీజన్ అయిపోతుంది మావయ్యా, వాళ్ల పెళ్లి ఎక్కడికీ పోదుగా" అన్నాడు.

మా కాలం గొప్పదని నేను చెప్పబోవడం లేదు. తొంభైల్లో టీవీకి తగిలించే వీడియో గేముతో ఒక క్యాసెట్టు ఇచ్చేవాళ్లు. దానిమీద 9999 ఆటలని అచ్చేసి ఉండేది. లోపలున్నవి పదో, పన్నెండో. ఆ తర్వాతి అంకె నొక్కితే మళ్లీ మారియోనే వచ్చేవాడు, కాకపోతే ఈసారి రెండో లెవెల్ నుంచి. పచ్చి మోసం. అయితే ఆ మోసంలో ఒక మర్యాద ఉండేది. దుకాణంవాడు ఒక్కసారి ముంచి, డబ్బు పుచ్చుకుని, మళ్లీ మన గుమ్మం తొక్కేవాడు కాదు. ఇప్పటివాళ్లు నెలనెలా వస్తారు.

పైగా ఉన్న చోటంతా ఆక్రమిస్తారు. 1985 నాటి సూపర్ మారియో బ్రదర్స్ మొత్తం 40 కిలోబైట్లు. 2020 వచ్చేసరికి కాల్ ఆఫ్ డ్యూటీ 200 గిగాబైట్లు దాటింది. అంటే ఈ ఒక్క ఆట పట్టే చోట యాభై లక్షల మారియోలు కాపురం ఉండొచ్చు. మా క్యాసెట్టువాడికి ఇంత జాగా దొరికి ఉంటే 9999 మాట నిలబెట్టుకునేవాడేమో పాపం. నేను ఆఫీసు, పిల్లదాని హోంవర్కు అయ్యాక రాత్రి పదింటికి కూర్చుంటాను. తెర మీద అప్‌డేట్ అని పడుతుంది. ముప్ఫై ఎనిమిది శాతం దగ్గర నాకు కునుకు పడుతుంది. మా ఆవిడ వచ్చి, "గెలిచారా?" అంటుంది. డౌన్‌లోడ్ అవుతోందంటాను. "నిన్నా అదే ఆడారుగా, ఇంకా అవలేదా?"

సైబర్‌పంక్ 2077 సంగతి మరీ చోద్యం. మూడుసార్లు వాయిదా పడి 2020 డిసెంబర్ 10న వచ్చింది. పాత ప్లేస్టేషన్లలో ఎంత అధ్వానంగా నడిచిందంటే, వారానికే సోనీ దాన్ని తన స్టోరులోంచి తీసేసి డబ్బు వాపసు ఇస్తానంది. ఇప్పుడది మంచి ఆటే, కాదనను. మంచిదవడానికి మూడేళ్లు పట్టింది. ఆత్రపడి ముందే డబ్బు కట్టినవాళ్లు ఎదురు సొమ్మిచ్చి తప్పులు వెతికిపెడితే, తీరిగ్గా ఆగినవాళ్లు తక్కువ ధరకి బాగుపడ్డ ఆట ఆడుకున్నారు. అదే సోనీ 2024 ఆగస్టు 23, శుక్రవారం నాడు కాంకర్డ్ అనే ఆట విడుదల చేసి, సెప్టెంబర్ 6, శుక్రవారం నాడు మూసేసింది. నిండా రెండు వారాలు. మన దగ్గరైతే ఆ పాటికి సక్సెస్ మీట్ పెట్టి, హీరోగారి చేత కేక్ కోయించేవాళ్లు.

నాకు ఒళ్లు మండేది మాత్రం ది క్రూ విషయంలో. 2014లో యుబిసాఫ్ట్ తెచ్చిన కార్ల ఆట. 2024 మార్చి 31న సర్వర్లు ఆపేశారు. ఒంటరిగా ఆడుకునేవాడికి కూడా సర్వరు కావాలని ముందే కట్టేశారు గనక, డబ్బు పోసి కొన్న డిస్కు ఆ మర్నాటి నుంచి టీకప్పు కింద పెట్టుకోవడానికి తప్ప పనికిరాలేదు. రాస్ స్కాట్ అనే ఆయన దీనిమీద ఉద్యమం లేవదీస్తే ఐరోపాలో పదిలక్షలకు పైగా సంతకాలు వచ్చాయి. వాళ్లు కోరిందేమీ కొండమీది కోతి కాదు. అమ్మిన వస్తువుని చంపకండి, దుకాణం కట్టేసినా ఆట ఆడేలా వదిలి వెళ్లండి, అంతే.

ఇన్ని తిడుతున్నవాణ్ణి ఇంకా ఎందుకు ఆడుతున్నానంటే, స్టార్‌డ్యూ వ్యాలీ లాంటివి ఉన్నాయి గనక. ఎరిక్ బరోన్ అనే ఒక్క మనిషి బొమ్మలు, సంగీతం, కథ అన్నీ తనే చేసుకుని 2016లో వదిలిన వ్యవసాయం ఆట. ఒకసారి కొంటే అంతే. తర్వాత కలిపినవన్నీ ఊరికే ఇచ్చాడు.

సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు నేనది ఆడుతుంటే మా నాన్న వెనక నిలబడ్డారు. నలభై ఏళ్లు కాడి పట్టిన మనిషి.

"ఏం పంటరా?"

"ముల్లంగి లాంటిది నాన్నా."

"వరి లేదా?"

ఉందన్నాను. మొదట్లో లేదు, తర్వాత కలిపారు, అదీ ఉచితంగానే. నీటి పక్కన నాటితే త్వరగా పెరుగుతుందని చెప్పాను. "పర్లేదు, తెలిసినవాడే రాశాడు" అని కుర్చీ లాక్కుని కూర్చున్నారు. కోసిన పంట ఎవరు కొంటారని అడిగారు. ఇంటిముందు పెట్టెలో పడేస్తే రాత్రికి పట్టుకెళతారని, తెల్లారేసరికి డబ్బు పడుతుందని చెప్పాను. ఆయన నమ్మలేదు. తేమ చూడరా? తరుగు తీయరా? హమాలీ ఎవరు కడతారు? నేను సమాధానం చెప్పేలోపే పెట్టెలో పంట వేయించి, ఆటలో మనిషిని పడుకోబెట్టమన్నారు. తెర మీద తెల్లవారింది, డబ్బు పడింది. ఆయన కళ్లజోడు సర్దుకుని ఒక్కో అంకే కూడి చూసుకున్నారు.

"ఒరేయ్," అని కేకేశారు, "మీ అమ్మని పిలువు. వీడెవడో పూర్తి సొమ్మిచ్చాడు!"