మిషను బాబాయి

మా గోదావరి జిల్లాల్లో రామకోవెల లేని ఊరు ఉంటే ఉండొచ్చు గానీ మిషను బాబాయి లేని ఊరుండదు. అసలు పేరు రేషను కార్డులో ఉంటుంది, పిలిచేవాళ్లకి దానితో పనిలేదు. వృత్తేమిటంటే చెప్పడం కష్టం. పొద్దున్న వడ్రంగి, మధ్యాహ్నం వెల్డరు, పొద్దుగూకేసరికి టైల్సు మేస్త్రి. గేటు కిర్రుమన్నా, కిటికీ ఊచ తుప్పు పట్టినా, బాత్రూం గుమ్మంలో రాయి అరంగుళం ఎక్కువైనా కబురు బాబాయికే వెళ్తుంది. టీవీఎస్ బండి మీద దిగుతాడు. కాళ్ల దగ్గర గోనెసంచి, అందులో నాలుగంగుళాల చేతి గ్రైండరు. లుంగీ మోకాళ్ల పైకి, తువ్వాలు మెడలో, పెన్సిలు చెవి మీద, కాళ్లకి హవాయి చెప్పులు. బండి స్టాండు వెయ్యకుండానే “ఆయ్, ఎక్కడండీ కొయ్యాల్సింది?” అంటాడు.

పనిమంతుడే, అందులో అబద్ధం లేదు. టైలులో పైపుకి గుండ్రంగా కన్నం పెట్టమనండి. టేపు కూడా తియ్యడు. పైపు ముక్కని బోర్లించి పెన్సిలుతో చుట్టూ గీస్తాడు. ఆ గీత లోపల నక్షత్రంలా అడ్డంగా, నిలువుగా గాట్లు పెట్టి, మిగిలిన ముక్కల్ని కటింగ్ ప్లేయరుతో ఒక్కొక్కటీ విరిచేసి, అంచుని గ్రైండరు చక్రంతో, అదే వీలుతో, అలా తాకించీ తాకించకుండా తిప్పుతాడు. తీసుకెళ్లి పైపుకి తొడిగితే సందులో వెంట్రుక దూరదు. ఇంత నేర్పున్న మనిషికి తన చెయ్యి మీద ఆ శ్రద్ధ లేకపోవడమే నాకెప్పుడూ అంతుపట్టదు.

మిషను కొన్నరోజే వీలు మీది గార్డు ఊడదీశాడు. బాబాయి దృష్టిలో గార్డంటే సైకిలు నేర్చుకునే పిల్లాడికి వెనక సీటు పట్టుకుని పరిగెత్తే నాన్న. పెద్దవాడయ్యాక కూడా పట్టుకుంటే పరువు తక్కువ. పైకి మాత్రం “గార్డుంటే గీత కనపడదండి బాబూ” అంటాడు. కనపడని మాట కొంత నిజమే. గార్డు కాస్త వదులు చేసి, తిప్పి, మళ్లీ బిగించుకుంటే కనపడుతుంది. దానికోసమే ఒక మర పెట్టారని చెప్పబోతే చెవిని పెట్టడు. ఆ గార్డు ఇప్పుడు వాళ్ల వీధి గుమ్మం మీద మేకుకి వేళ్లాడుతోంది, పక్కన ఎండిన నిమ్మకాయ, పచ్చిమిరపకాయలు. చంద్రవంకలా ఉంది, దిష్టికి బావుంటుందని పిన్ని కట్టించింది. మిషనుకున్న పక్కపిడి టీలోకి అల్లం దంచడానికి పోయింది. వీలు మార్చేందుకు కంపెనీవాళ్లిచ్చిన రెండు కొమ్ముల కీ ఏ కాలవలో ఉందో తెలీదు. నట్టుకి ఉలి ఆనించి సుత్తితో నాలుగు పోట్లు పొడుస్తాడు, బిగిసిపోతుంది. వీలు పగిలిందో లేదో తేల్చడానికి గోటితో టంగుమని కొట్టి చెవి దగ్గర పెట్టుకుంటాడు. సానరాయి లాంటి గట్టి చక్రానికైతే ఆ పరీక్ష పనికొస్తుంది. పల్చటి కటింగ్ వీలు పగిలినా బాగున్నా ఒక్కలాగే టప్పుమంటుంది. దాన్ని వెలుతురులో తిప్పి చూసుకోవాల్సిందే.

గట్టిగా నిలదీస్తే ఆనకట్ట కట్టించిన కాటన్ దొరని తెస్తాడు. “మా ముత్తాత ధవళేశ్వరం ఆనకట్టకి రాయి కొట్టాడండి. గార్డెట్టుకుని కొట్టాడేటండీ?” ఆనకట్ట పని 1847లో మొదలై 1852కి అయింది. మా గోదావరి జిల్లాల్లో ముత్తాత ఆ ఆనకట్టకి రాయి మొయ్యని ఇల్లు నేనింతవరకూ చూడలేదు. చెప్పుకున్నవాళ్ల ముత్తాతలందరూ నిజంగా వచ్చుంటే గోదావరికి అడ్డంగా రాళ్లతో పనిలేకపోను, జనమే సరిపోదురు. సరే, ఆ ముత్తాత చేతిలో ఉన్నది సుత్తి. చెయ్యి ఆగితే సుత్తి ఆగుతుంది. వేగంగా తిరిగే ఈ చేతి గ్రైండర్ని జర్మనీలో ఫ్లెక్స్ అనే కంపెనీ 1954లో తెచ్చింది. నిమిషానికి సుమారు 11,000 చుట్లు. చెయ్యి ఆపినా, స్విచ్చి కట్టేసినా కాసేపు తిరుగుతూనే ఉంటుంది. నాలుగంగుళాల వీలు అంచు ఆ లెక్కన గంటకి 200 కిలోమీటర్ల పైచిలుకు వేగంతో పోతుంటుంది. వీలు మీద సెకనుకి 80 మీటర్లని అచ్చేసి ఉంటుంది, అంటే గంటకి 288 కిలోమీటర్లు. అది దాటితే వీలు తట్టుకుంటుందని కంపెనీ హామీ ఇవ్వదు. బాబాయి ఒక్కోసారి గార్డు లేదు కదా, జాగా ఉంది కదా అని ఆ చిన్న మిషనుకే ఏడంగుళాల వీలు తొడుగుతాడు. అప్పుడు అంచు సెకనుకి వంద మీటర్లు దాటిపోతుంది. ఇదే బాబాయి హౌరా మెయిలు రాజమండ్రి వంతెన మీద మెల్లగా పోతుంటే గోదారమ్మకి రూపాయి బిళ్ల విసిరి, చెయ్యి చటుక్కున లోపలికి లాక్కుంటాడు. “రైలండి బాబూ, చెయ్యెగిరిపోద్ది!”

భయం లేని మనిషి అనుకునేరు. భయాలు బోలెడు. ఎవరన్నా తుమ్మితే కాసేపు కూర్చుని మంచినీళ్లు తాగి గానీ స్విచ్చి వెయ్యడు. శుక్రవారం పదిన్నర నుంచి పన్నెండింటిదాకా రాహుకాలమని కొత్త గుమ్మానికి చెయ్యి పెట్టడు. మనవడి దగ్గుమందు సీసా మీద తారీకు కళ్లజోడు పెట్టుకుని, ఎండలోకి తీసుకెళ్లి మరీ చదువుతాడు. దసరాకి ఆయుధపూజ నాడు మిషన్ని కడిగినంత పని చేసి, పసుపు రాసి, బూడిద గుమ్మడికాయ దిగదుడిచి కొడతాడు. వీలుకి నడిమధ్యన, ఇనప రింగు మీద, ఇంత కుంకుమ బొట్టు. సరిగ్గా ఆ బొట్టు కిందే ఉంటాయి వీలు గడువు తీరే నెలా, సంవత్సరమూ. వీలంటే రాపిడి పొడిని జిగురుతో, గాజునార వలతో కలిపి అచ్చుపోసిన సరుకు. మామూలుగా తయారైన మూడేళ్లదాకా దానికి ఆయువు. చెమ్మ తగిలితే అంతకన్నా ముందే జిగురు పట్టు సడలుతుంది. కోనసీమ వానాకాలంలో గోనెసంచిలో, తడి తాపీ పక్కన, ఆరు నెలలు పడున్న వీలుకి బొట్టొక్కటే దిక్కు.

వీటన్నిటికంటే నాకు గుండె దడ పుట్టించేది బాబాయి మర్యాద. గోదావరివాడు ఎదుటి మనిషి మొహం చూడకుండా మాట్లాడడు. అది మాకు ఉగ్గుపాలతో వచ్చింది. బాబాయి బల్ల మీద ఇనప గొట్టం పెట్టి కోస్తుంటాడు, మీరు గేటు తీసుకుని లోపలికొస్తారు. మిషను ఆగదు. తల మాత్రం మీవైపు తిరుగుతుంది. “ఆయ్, రండి రండి! ఎప్పుడొచ్చారు హైదరాబాదు నుంచి? అమ్మగారి మోకాళ్లు ఎలా ఉన్నాయండీ?” కుర్చీ చూపించడానికి ఒక చెయ్యి లేస్తుంది. పక్కపిడి లేదు గనక ఆ చేతికి వేరే ఉద్యోగం కూడా లేదు. మిషను ఒంటిచేతిలో గర్జిస్తుంటుంది. నిప్పురవ్వలు వరసకట్టి పక్కింటి గడ్డిమేటు వైపు పోతుంటాయి. గొట్టానికి రెండు చివర్లా రెండు ఇటుకలు ఆనిక పెట్టి మధ్యలో కోస్తున్నాడు కదా, సగం తెగేసరికి గొట్టం తన బరువుకి తనే కిందికి వంగుతుంది, గాటు మూసుకుని వీలుని నొక్కేస్తుంది. నొక్కిందంటే మిషను వెనక్కి తంతుంది. ఎటు తంతుందో చూసుకునే లోపే తన్నేస్తుంది. ఆనిక రెండూ గాటుకి ఒకే పక్కన ఉంచి, తెగే ముక్కని గాల్లోకి వదిలేస్తే గాటు దానంతటదే తెరుచుకుంటుంది. ఈ సంగతి బాబాయికి తెలీక కాదు. మన అమ్మగారి మోకాళ్ల ముందు గొట్టం గురించి ఆలోచించడం అమర్యాద.

పనసచెక్క దొరికితే ఇంకో ముచ్చట. చెక్క కోసే పళ్ల బ్లేడు తెచ్చి ఈ మిషనుకే బిగిస్తాడు. వీలు ఇనుమును అరగదీస్తూ పోతుంది, పళ్ల బ్లేడేమో చెక్కని కరుచుకుంటుంది. కరుచుకున్నప్పుడు మిషను బాబాయి మీదికి ఎక్కొస్తుంది. చెక్క కోతకి వేరే రంపం మిషను ఉంది, దాని గార్డు వేరు, వేగం వేరు. “ఒక్క పలక్కి ఇంకో మిషనేటండీ, డబ్బులు చెట్లకి కాత్తన్నాయా?” ఈ మాటకి నా దగ్గర జవాబుంది గానీ, ఆ టైములో ఆయన పక్కన నిలబడి చెప్పేంత ధైర్యం లేదు.

కళ్లజోళ్ల సంగతి చెప్పలేదు. ఉన్నాయి. దుబాయి నుంచి మేనల్లుడు పంపించాడు, పక్కల మూత ఉన్న అసలు సిసలైన పని కళ్లజోడు. ద్రాక్షారామం గుడికి వెళ్లేటప్పుడు బండి మీద పెట్టుకుంటాడు, పురుగులు పడకుండా. పనిలో కంట్లో రవ్వ పడితే ఊళ్లో వైద్యం వరసగా ఉంది. మొదట తువ్వాలు కొస మెలేసి తుడవడం, తర్వాత పక్కవాడు నోటితో ఊదడం, తర్వాత బాలింత ఇంటికి వెళ్లి రెండు చుక్కల పాలడగడం, చివరికి నాలుక కొసతో తీసే మామ్మగారు. ఈ నాలుగూ అయ్యాక డాక్టరు దగ్గరికి. కంటి డాక్టరు మత్తుచుక్కలేసి, సన్నటి సూదిమొనతో క్షణంలో తీసేస్తారు. కానీ ఇనపరవ్వ నల్లగుడ్డు మీద ఒక రాత్రి నిద్రచేస్తే చుట్టూ తుప్పు వలయం కడుతుంది, ఆ తుప్పుని మళ్లీ విడిగా గీకాలి. అందుకే డాక్టరుగారు అడిగే మొదటి ప్రశ్న “ఎప్పుడు పడింది?” బాబాయి జవాబు: “ఇప్పుడేనండి, మొన్న.”

తెగే వేళ్ల ముచ్చట పొడిగించను. పులస చేపని ఐసులో ఎలా సర్దాలో మా బాబాయిలందరికీ తెలుసు. తెగిన వేలుని మాత్రం చేపలా నేరుగా ఐసులో పెట్టకూడదు. తడిపి పిండిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, కవర్లో వేసి మూతి కట్టి, ఆ కవరుని ఐసు మీద పెట్టుకుని పెద్దాసుపత్రికి పరిగెత్తాలి. ఇంతే.

కరెంటు కథ వేరు. బాబాయి మిషను తీగకి ప్లగ్గుండదు. రెండు తీగల కొసలు వొలిచి, సాకెట్టులో పెట్టి, రెండు అగ్గిపుల్లలు దోపుతాడు. ఎర్తు తీగ ఎప్పుడో కోసేశాడు, దానికి మూడో అగ్గిపుల్ల దండగని. ఒక వేసవిలో ఆత్రేయపురం వైపు ఒకరింట్లో డాబా పిట్టగోడకి గ్రిల్లు పని. డాబా నిండా చాపలు, చాపల మీద మామిడితాండ్ర ఆరబెట్టారు. కోత మధ్యలో కరెంటు పోయింది. స్విచ్చి ముందుకి తోసి గొళ్లెం పడిందంటే అలాగే ఉండిపోయే రకం. బాబాయి దాన్ని అలాగే గచ్చు మీద పెట్టి టీకి దిగాడు. రెండో గ్లాసులో ఉండగా కరెంటొచ్చింది. పైన మిషను తనంతట తనే లేచింది. గార్డు లేదాయె, వీలు గచ్చుకి తగలడం, మిషను గెంతడం. మొదటి చాపని నిలువునా చీల్చి, రెండో చాప మీది తాండ్రని చుట్టచుట్టుకుని, అదే ఊపులో వెనక్కి తిరిగి తన తీగ తనే కోసుకుని చల్లారింది. ఇంటావిడ కేకలకి జనం పోగయ్యారు. బాబాయి మెట్లెక్కొచ్చి చూసి, చీలిన చాపని వదిలేసి, “తీగ మంచిదండి, కంపెనీది” అని దిగులుపడ్డాడు.

2027 పుష్కరాలకి చుట్టాలొస్తారని ఊరంతా గేట్లూ గ్రిల్లులూ బాగు చేయించుకుంటోంది, చేతినిండా పని. అందుకని మొన్న రాజమండ్రి మెయిన్‌రోడ్డుకి వెళ్లి కొత్త మిషను కొన్నాడు. ఇప్పటి మంచి రకాల్లో తెలివైన ఏర్పాట్లు వచ్చాయి. వెడల్పాటి మీట నొక్కిపట్టి ఉంచితేనే తిరుగుతుంది, వదిలితే కరెంటు ఆగిపోతుంది. మధ్యలో కరెంటు పోయొస్తే మళ్లీ మీట వదిలి నొక్కేదాకా కదలదు. వారం తిరక్కుండా బాబాయి దాన్ని సంచిలో వేసుకుని షాపుకి తిరిగొచ్చాడు. యజమానితో మర్యాదగానే మొదలుపెట్టాడు.

“సారూ, మిషను చెడిపోయిందండి.”

“ఏమయింది బాబాయిగారూ?”

“వదిలేత్తే ఆగిపోతందండి.”

షాపాయన ఓపిగ్గా అంతా విప్పి చెప్పాడు. మీట ఎందుకు, గార్డెందుకు, పిడి ఎందుకు. బాబాయి కళ్లార్పకుండా విన్నాడు, మధ్యమధ్య “ఆయ్, అవునండి, బాగా చేశారండి” అన్నాడు. అంతా అయ్యాక షాపాయన భుజం మీద చెయ్యేసి, గొంతు తగ్గించి అడిగాడు:

“మరైతే ఓ సైకిలు ట్యూబు ముక్కుంటే ఇప్పించండి. మీటకి చుట్టేసుకుంటాను.”