యూడెవ్ వారి బారసాల

లినక్స్‌లో పరికరాలకు పేర్లు పెట్టే పెద్దరికం యూడెవ్‌ది. కేబుల్ గుచ్చగానే బారసాల. రెండు నెట్‌వర్క్ కార్డులున్న మెషీన్లో ఈత్0, ఈత్1 పేర్లు బూట్ చేసినప్పుడల్లా తారుమారు కావొచ్చన్నది పాత జబ్బు. 2013లో యూడెవ్‌ను కలుపుకున్న సిస్టమ్‌డీ, 197వ వెర్షన్‌లో దానికి మందు వేసింది. కార్డు ఉన్న చోటును బట్టి ఈఎన్‌పీ3ఎస్0 లాంటి పేరు వస్తుంది, ఏం వస్తుందో ముందే చెప్పేయొచ్చు అన్నారు. పంచాంగం చూసే పంతులు కూడా అంత ధీమాగా చెప్పడు.

పక్కన గ్రాఫిక్స్ కార్డు బిగించి చూడండి. బస్ నంబరు జరిగిందా, అదే నెట్‌వర్క్ కార్డు ఈఎన్‌పీ4ఎస్0 అయి కూర్చుంటుంది. 2018 చివర్లో వచ్చిన సిస్టమ్‌డీ 240వ వెర్షన్ నుంచి పేర్లు పెట్టే పద్ధతికే వెర్షన్ నంబర్లు వచ్చాయి. పాత పద్ధతే కావాలంటే బూట్ లైన్లో విడిగా రాసుకోవాలి. పేర్లు మారకుండా ఒక పద్ధతి, ఆ పద్ధతి మారకుండా ఇంకో మీట. భేష్!

ఇంద్రేశం నుంచి పాశమైలారం వెళ్లే దారిలో ఒక ధర్మకాంటా ఉందనుకోండి. కాటా, చీటీ ప్రింటర్ రెండూ సీహెచ్340 చిప్పున్న చవక యూఎస్‌బీ కేబుళ్లతో కంప్యూటర్‌కు కలిపారు. ఏది ముందు దొరికితే దాని పేరు టీటీవైయూఎస్‌బీ0. ఆ చిప్పులకు మామూలుగా సీరియల్ నంబరు ఉండదు కనుక యూడెవ్‌కు పోర్టు తప్ప వేరే గుర్తు లేదు. దుమ్ము దులుపుతూ ఎవరో కేబుళ్లు అటుదిటు గుచ్చితే, సాఫ్ట్‌వేర్ పోయి బరువెంతని ప్రింటర్‌ను అడుగుతుంది. ప్లాట్‌ఫాం మీద లోడు లారీ, వెనక నాలుగు హారన్లు.

2022లో ఉబుంటు 22.04 ఈ కథను ఇంకో మెట్టు ఎక్కించింది. చూపులేనివారికి బ్రెయిల్ తెర నడిపే బీఆర్ఎల్‌టీటీవై మంచి ప్రోగ్రామే. కానీ దాని యూడెవ్ రూల్‌లో ఒక బ్రెయిల్ పరికరం కోసం రాసిన 1ఏ86:7523 ఐడీ, సీహెచ్340 కేబుళ్ల ఐడీ ఒక్కటే. కేబుల్ గుచ్చగానే పోర్టు కనిపించి, వెంటనే మాయం. చాలామంది చేసిన వైద్యం ఆ ప్రోగ్రామ్‌ను పీకేయడం. బ్రెయిల్ తెర మీదే ఆధారపడినవాళ్లు ఏం పీకాలో ఆ వైద్యం చెప్పదు.

అయ్యా, బగ్‌లు సరిచేసేవారూ! ‘బగ్ పోయింది’ అన్న లైను కిందే ‘మీ పరికరం పేరు మారొచ్చు’ అని ఇంకో లైను రాయండి. కాటా యజమానులూ, పోర్టు పక్కన మార్కర్‌తో ‘కాటా’ అని రాసుకోండి. నెలాఖరు డిస్పాచ్ రోజున మాత్రం అప్‌డేట్ నొక్కకండి.