కృష్ణమ్మ ఇంటీరియర్స్

కాలాన్ని బట్టి ఇంటి ముస్తాబు మార్చాలట. ఎండలకు లేతరంగు కర్టెన్లు, వానలకు ముదురురంగు గలీబులు, చలికి ఊలు తివాచీ. పట్నంలో దీనికో డిజైనర్, ఆయనకో ఫీజు, పైన జీఎస్టీ.

సోమశిలలో ఆ కాంట్రాక్టు కృష్ణమ్మది.

శ్రీశైలం జలాశయం 885 అడుగులకు నిండిందా, మెట్ల దాకా తివాచీ. కొత్త నీటికి ఎర్రది, తేటపడ్డాక నీలంది. ఎండాకాలం అది చుట్టేస్తే కింద నెర్రెలిచ్చిన ఒండ్రు. టైల్స్ షాపులో దీన్నే ‘రస్టిక్ ఫినిష్’ అని చదరపు అడుగు లెక్కన అమ్ముతారు.

సోమశిల సోమేశ్వరుడు ప్రాజెక్టు నాడే గుడితో సహా గట్టెక్కాడు.

అవతలి ఒడ్డు సంగమేశ్వరుడికి ఆ యోగం లేదు. ఏడాదిలో చాలా నెలలు నీళ్లే గోడలు, నీళ్లే కప్పు. వేసవిలో తేలగానే బురద కడిగి, దీపం పెట్టి, గృహప్రవేశం. వరదొస్తే పూజారి ఆఖరి హారతిచ్చి పడవెక్కుతాడు. దేవుడికి మాత్రం పడవ లేదు.

ఈ ఫ్యాషన్ పట్నానికీ పాకింది లెండి. చెరువు శిఖంలో లేచిన ‘లేక్ వ్యూ’ విల్లాలకు మొదటి ముసురుకే హాల్లో తివాచీ ఫ్రీ.

రంగే, బ్రోచర్‌లో చూపించింది కాదు.