మెట్లు ఎవరి వంతు?

విదేశాలకి చదువుకోడానికి వెళ్లే కుర్రాడికి మన వీధుల్లో ఇచ్చే భరోసా ఒకటుంది. "అక్కడ నీ సంగతి ఎవడికీ పట్టదురా, హాయిగా ఉండొచ్చు." కాకినాడలో మా వీధి వీధంతా ఈ మాట నాతో చెప్పింది. చెప్పినవాళ్లలో సగం మందికి అప్పటికే నా వీసా ఏ రోజు వచ్చిందో, బ్యాంకు లోను ఎంత తీశామో, దానికి ఏ ఇంటి కాగితాలు పెట్టామో తెలుసు. అందుకే నాకు ఆశ పుట్టింది. ఎవరి సంగతీ ఎవరికీ పట్టని దేశం ఒకటుంటే, అప్పు చేసైనా వెళ్లి చూడాలి కదా.

వెళ్లింది జర్మనీకి. ఊరు స్టుట్‌గార్ట్. బెంజి కారుకీ, పోర్షేకీ, బాష్ కంపెనీకీ అదే సొంతూరు. మెకానికల్ చదివినవాడికి కాశీతో సమానం. "జర్మనీలో చదువు ఫ్రీ అట కదా" అని మా మావయ్య ఎక్కడో విన్నాడు. చాలా రాష్ట్రాల్లో నిజమే. స్టుట్‌గార్ట్ రాజధానిగా ఉన్న రాష్ట్రం మాత్రం యూరోపియన్ యూనియన్ బయటివాళ్ల దగ్గర 2017 నుంచి సెమిస్టరుకి 1,500 యూరోలు పుచ్చుకుంటోంది. అది కాక, నేను వెళ్లిన 2024లో ఏడాది ఖర్చుకని 11,904 యూరోలు ముందే ఒక ఖాతాలో వేసి చూపించమన్నారు. అందులోంచి నెలకి 992 మాత్రమే చేతికొస్తాయి. డబ్బు మనది, తాళం వాళ్లది. మా నాన్న ఈ పద్ధతి విని జర్మన్ జాతి మొత్తాన్నీ మెచ్చుకున్నాడు. నేను ఇంటర్‌లో ఉండగా ఈ ఏర్పాటు తనకి తట్టనందుకు కాస్త నొచ్చుకున్నాడు కూడా.

మూడో అంతస్తులో రెండు గదుల వాటా. నేనూ, కరీంనగర్ నుంచి వచ్చిన మా రూమ్మేటూ. దిగిన కొత్తలో ఒక సోమవారం పొద్దున్న తలుపు తీస్తే గొళ్లేనికి చిన్న బోర్డు వేలాడుతోంది. దాని మీద ఒకే ఒక్క మాట: కేర్‌వొఖ. పండగేదో వచ్చిందనుకుని రూమ్మేట్ ఫోటో తీసి ఇంటికి పంపించాడు. సాయంత్రానికి తెలిసింది, ఆ వారం మెట్లు ఊడ్చి తుడిచే వంతు మాదని. వారం అయ్యాక ఆ బోర్డు పక్కవాళ్ల తలుపుకి తగిలించాలి. వాళ్ల వారం అయ్యాక అది మళ్లీ మా దగ్గరికి నడిచొస్తుంది. ఇది చిన్న వంతు. పెద్ద వంతు వేరే ఉంది. అందులో వాకిలీ, ఇంటి ముందు కాలిబాటా, కింద నేలమాళిగా చేరతాయి. చలికాలం మంచు పడితే పార కూడా చేరుతుంది.

"నేను ఎమ్మెస్ చెయ్యనీకొచ్చిన్నా, మెట్లు ఊడ్వనీకొచ్చిన్నా?" అన్నాడు మావాడు. ఈ ప్రశ్నకి స్టుట్‌గార్ట్ చరిత్రలో జవాబుంది. 1492లోనే ఈ ఊళ్లో ప్రతివాడూ వారానికోసారి తన పెంటపోగు బయటికి తోలాలని శాసనం చేశారు. సరిగ్గా ఆ ఏడాదే కొలంబస్ ఇండియాని వెతుక్కుంటూ ఓడెక్కాడు. వీళ్లు చీపురు వెతుక్కున్నారు. శాసనం చేసిన ప్రభువు ఎబర్‌హార్డ్‌ని గడ్డం ఎబర్‌హార్డ్ అంటారు. పక్కనే ఉన్న ట్యూబింగెన్ విశ్వవిద్యాలయం పెట్టించింది కూడా ఆయనే, 1477లో. అంటే చదువూ చీపురూ ఒకే చేతి మీదుగా వచ్చాయన్నమాట. మావాడి అభ్యంతరం అక్కడితో వీగిపోయింది. వారం వారం కాలిబాట ఊడవాలన్న నగర నిబంధనని 1988లో ఎత్తేశారు. అయినా అద్దె ఒప్పందాల్లోకి దూరి వంతు మాత్రం బతికే ఉంది. చట్టం పోయినా ఆచారం పోకపోవడం మనకి కొత్తేమీ కాదు.

మా వంతుల పర్యవేక్షణంతా మొదటి అంతస్తు మామ్మగారిది. ఎనభై దాటి ఉంటుంది. ఒంటరిగా ఉంటుంది. మెట్లు దిగేటప్పుడు కమ్మీ పట్టుకోదు, కమ్మీ మీద వేలితో గీస్తూ దిగుతుంది. చివరి మెట్టు దగ్గర ఆగి వేలు చూసుకుంటుంది. ఆ వేలు చూసుకునే రెండు సెకన్లూ పైన తలుపు సందులోంచి మేం ఊపిరి బిగబట్టేవాళ్లం. వైవా వోస్‌లో కూడా నాకంత కంగారు పుట్టలేదు.

ఇక్కడే మా వీధివాళ్ల భరోసా సగం నిజమైంది. ఈవిడ మమ్మల్ని ఎప్పుడూ మా కులమేమిటని గానీ, పెళ్లెప్పుడని గానీ, నాన్న జీతమెంతని గానీ అడగలేదు. అడగడం మర్యాద కాదు. మేం ఏ దేశంవాళ్లమో కూడా చాలా కాలం అడగలేదు. కానీ మా ఇంట్లో పెరుగు ఎన్నాళ్లకి అయిపోతుందో ఆవిడకి తెలుసు. డబ్బా మీది రేకుమూత విడదీయకుండా పారేశామనీ తెలుసు. కాకినాడలో మా పక్కింటి పిన్నికి నా మార్కులు పేపరు పేపరుకీ తెలుసు గానీ, మా చెత్తబుట్టలో ఏముందో ఒక్కనాడూ తొంగిచూడలేదు. మనవాళ్లకి మనిషి లోపల ఏముందో కావాలి. వీళ్లకి సంచి లోపల ఏముందో కావాలి.

ఆ సంచుల శాస్త్రం గురించి కొంచెం చెప్పాలి. కాగితాలకి ఒక డబ్బా. కూర తొక్కలకి ఒకటి. ప్లాస్టిక్ కవర్లకీ రేకుడబ్బాలకీ మరొకటి. ఏ కోవకీ రానివాటికి ఇంకొకటి. నీళ్ల సీసాలు పారేస్తే నేరం సంగతి అటుంచి, నష్టం. ఒక్కసారికే వాడే ఒక్కో ప్లాస్టిక్ సీసాకీ 25 సెంట్లు ముందే కట్టించుకుంటారు, దుకాణంలో మెషీన్‌కి తినిపిస్తే తిరిగిస్తారు. నెలాఖర్లో మా గదిలో ఫలహారాలు ఈ సీసాల మీదే నడిచేవి. గాజు సీసాలకి వీధి చివర పెద్ద తొట్లు, తెలుపుకీ గోధుమరంగుకీ ఆకుపచ్చకీ విడివిడిగా. నీలం సీసా ఉంటే ఆకుపచ్చ దాంట్లో వెయ్యాలి. ఇది తెలిసినవాణ్ణి జర్మనీలో సగం స్థిరపడినట్టే లెక్కేస్తారు.

మా రూమ్మేట్ ఖాళీ ఆవకాయ సీసా పట్టుకుని ఆ తొట్టి దగ్గరికి వెళ్లాడు. రంగు సరిగ్గానే చూసుకున్నాడు. సైకిలు మీద పోతున్న పెద్దాయన ఆగి, దిగి, స్టాండు వేసి, "ఈరోజు ఏ వారం?" అని అడిగాడు. మావాడికి ముందురోజే భాష క్లాసులో వారాల పేర్లు చెప్పారు. పొంగిపోయి, ఉచ్చారణతో సహా "ఆదివారం" అన్నాడు. పెద్దాయన మెచ్చుకోలేదు. తొట్టి మీద అంటించిన వేళలు చూపించాడు. ఆదివారం గాజు వేస్తే చప్పుడవుతుంది, వెయ్యకూడదు. వాడు సీసా వెనక్కి తెచ్చి, "భాషొస్తే గూడ తిడతరేందిరా" అని కూలబడ్డాడు.

ఆదివారం వాళ్లకి అంత పవిత్రం. దుకాణాలు మూత. డ్రిల్లింగ్ మెషీన్లు మూత. గడ్డి కోసే యంత్రాలు మూత. మనకి మాత్రం ఇడ్లీపిండి రుబ్బుకోడానికి తీరికుండేది ఆ రోజే. మిక్సీ రెండో రౌండులో ఉండగా మామ్మగారు పైకొచ్చి, ఇది రాజ్యాంగ విరుద్ధం అంది. కోపంలో అన్న మాట అనుకున్నాను. వెతికి చూస్తే నిజమే. ఆదివారం విశ్రాంతి దినమని 1919 నాటి వైమార్ రాజ్యాంగం 139వ అధికరణంలో రాసుకున్నారు. 1949లో కొత్త రాజ్యాంగం రాసినప్పుడు దాన్ని అలాగే లోపలికి తెచ్చుకున్నారు. రెండు రాజ్యాంగాలు అడ్డం నిలబడ్డాక మిక్సీ ఏపాటిది? పిండి శనివారానికి మారింది, అదీ రాత్రి పది లోపు. పది దాటితే పొద్దున్న ఆరు దాకా ఇంకో నిశ్శబ్దం ఉంది.

ఈ నిఘాకి దూరంగా పోదామనే మేం ఊళ్లు తిరగడం మొదలుపెట్టాం. దేశమంతటికీ ఒకే నెల టికెట్టు ఉంది, అప్పుడు 49 యూరోలు, 2025లో 58 చేశారు. వేగంగా పోయే రైళ్లకి చెల్లదు. ప్రతి చెట్టు దగ్గరా ఆగేవాటికి చెల్లుతుంది. పులిహోర కట్టుకుని ఎక్కేవాళ్లం.

హైడెల్‌బర్గ్‌లో అందరూ కోట చూస్తారు. మా మనసు దోచింది పాత విద్యార్థి జైలు. రాత్రిళ్లు తాగి గోల చేసిన విద్యార్థుల్ని విశ్వవిద్యాలయమే పట్టుకుని అందులో వేసేది. నేరాన్ని బట్టి కొన్ని రోజుల నుంచి కొన్ని వారాల దాకా. 1914 వరకూ నడిచిందది. లోపలున్నవాళ్లు గోడలూ కప్పూ ఖాళీ లేకుండా తమ పేర్లూ, పక్కవాటు బొమ్మలూ గీసేశారు. జైల్లో ఉన్నా క్లాసుకి వెళ్లడానికి మాత్రం అనుమతి ఉండేదట. ఆ ముక్క చదివి మావాడు అదిరిపడ్డాడు. "జైల్ల ఉన్నోళ్లని గూడ క్లాసుకి పంపించిన్రా! మరి శిక్ష ఏది?" కాసేపు ఆలోచించి, "ఔను, అదే శిక్ష" అని తనే తీర్పు చెప్పాడు.

ఆగ్స్‌బర్గ్‌లో ఫుగరై అని పేదల కాలనీ ఉంది. యాకోబ్ ఫుగర్ అనే షావుకారు 1521లో స్థాపించాడు. అంటే మన దగ్గర శ్రీకృష్ణదేవరాయలు ఏలుతున్న రోజులు. అప్పటి ఒక గిల్డరు అద్దె ఈనాటికీ అదే లెక్కన సాగుతోంది, ఏడాదికి 88 సెంట్లు. నెలకి కాదు, ఏడాదికి. మేం లోపలికి కొన్న టికెట్టు వాళ్ల ఏడాది అద్దెకి ఎన్నో రెట్లు. ఉండాలంటే ఆ ఊరివాళ్లయి, క్యాథలిక్కులయి, పేదవాళ్లయి ఉండాలి. స్థాపించిన పుణ్యాత్ముడి కోసం రోజూ మూడు ప్రార్థనలు చెయ్యాలి. మొదటి రెండూ మాకు కుదరవు గానీ, ఆ అద్దెకి రోజూ ముప్పై ప్రార్థనలైనా చేస్తానన్నాడు మావాడు. తర్వాత తెలిసింది, రాత్రి పదింటికి గేటు వేసేస్తారని. ఆలస్యంగా వస్తే కాపలావాడికి యాభై సెంట్లు, పన్నెండు దాటితే యూరో. అంటే ఒక్క రాత్రి సెకండ్ షోకి వెళ్తే ఏడాది అద్దెకన్నా ఎక్కువ కట్టాలి. ఆ పదిగంటల నిశ్శబ్దాన్ని తప్పించుకుందామని ఇంత దూరం వస్తే, ఇక్కడ దానికి ఐదువందల ఏళ్ల వయసూ, ఒక గేటూ ఉన్నాయి.

ఒక్క స్ట్రాస్‌బర్గ్‌లో మాత్రం ఊపిరాడింది. జర్మనీ వైపు కేల్ అనే ఊళ్లో ట్రామెక్కితే రైన్ నది దాటి ఫ్రాన్సులో దింపుతుంది. అక్కడ జనం ఎర్రదీపాన్ని చూసి కూడా రోడ్డు దాటేస్తున్నారు. మావాడి కళ్లలో నీళ్లొచ్చినంత పనైంది, సొంతూరు గుర్తొచ్చి. దాటు మరి అన్నాను. వాడి కాలు లేవలేదు. జర్మనీలో నడిచేవాడు ఎర్రదీపానికి దాటితే ఐదు యూరోల జరిమానా. డబ్బుకంటే, పిల్లలు చూసి నేర్చుకుంటారని పెద్దవాళ్లు పెట్టే చీవాట్లు ఎక్కువ. అర్ధరాత్రి ఒక్క బండీ లేని రోడ్డు మీద, నిద్రపోతున్న పిల్లల కోసం నిలబడీ నిలబడీ మా కాళ్లకి అదే అలవాటైపోయింది.

ఇదంతా సర్దుకుపోయాననుకున్నాక అసలు ప్రమాదం ఒక శనివారం వచ్చింది. మెట్లు తుడుస్తూ అమ్మకి వీడియో కాల్ చేశాను. ఫోను మెట్టు మీద నిలబెట్టాను. ఇక్కడ తిన్న కంచం తీయనివాడు అక్కడ గచ్చు తుడుస్తుంటే కళ్లారా చూడాలని తనే అడిగింది. అప్పుడే మామ్మగారు దిగుతూ ఆగింది. అమ్మ నమస్కారం పెట్టి, మొదటి ప్రశ్న వేసింది: పిల్లలెంతమంది? నేను అనువదించక తప్పలేదు. ముగ్గురు. ఏం చేస్తున్నారు? పెద్దమ్మాయి హాంబుర్గ్‌లో టీచరు. మరి ఈవిడ ఒక్కర్తీ ఎందుకుంటోంది? నేను మాట మార్చి వాతావరణం గురించి చెప్పాను. మామ్మగారికి అనుమానం వచ్చి, సరిగ్గా చెప్పమంది. చెప్పాను. ఆవిడ అక్కడే మెట్టు మీద కూర్చుంది. మెట్టు తడిగా ఉంది కూడాను. పోయిన ఆయన గురించి, మోకాళ్ల గురించి, రెండో కోడలి గురించి చాలాసేపు చెప్పింది. ఇన్నాళ్లూ ఎవరూ అడగలేదన్నట్టు చెప్పింది. పెన్షనెంతని కూడా అమ్మ అడిగింది గానీ, ఆ ముక్క మాత్రం నేను దాటించేశాను.

ఆఖర్న మామ్మగారు తన వంతు ప్రశ్న వేసింది. మీ అబ్బాయి ఇంట్లో కూడా మూలలు వదిలేసే తుడుస్తాడా?

అమ్మ మొహం విప్పారింది. "అదే, అదే! నేను ఇరవయ్యేళ్ల నుంచి మొత్తుకుంటున్నాను" అని, వెంటనే ఆవిడ వాట్సాప్ నంబరు ఇమ్మంది. యూరప్‌లో 2018 నుంచి వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం అమల్లో ఉందనీ, నంబర్లు అలా ఇచ్చిపుచ్చుకోకూడదనీ అమ్మకి తెలుగులో వివరంగా చెప్పాను. మామ్మగారికి తెలుగు రాదు. వాట్సాప్ అన్న మాట మాత్రం వినిపించినట్టుంది.

మర్నాడు పొద్దున్న మా తలుపుకి ఒక కాగితం అంటించి ఉంది. మెట్ల గురించి ఫిర్యాదేమో అనుకుని తీశాను. పదకొండు అంకెల నంబరూ, కింద గుండ్రటి అక్షరాలతో ఒక ముక్కా: మీ అమ్మగారికి. ఆదివారం తప్ప.