నికరలాభము 479 చెట్లు

619 చెట్లను కొట్టివేసి 1098 మొక్కలను నాటుదురట! జింగూ గైయెన్ ఉద్యానమును నవీకరింప బూనిన మహనీయులు 2024 సెప్టెంబరులో సవరించి వెలువరించిన ప్రణాళికను చదివినది మొదలు నా యానందమునకు మేర లేకున్నది. అంతవఱకు 743 అని చెప్పుచు వచ్చిన కోతను 619కి దించిరి. గింకో చెట్ల బారునకును క్రొత్త బేస్‌బాల్ మైదానపు గోడకును నడుమ ఎనిమిది మీటర్లే యుండునన్న దూరమును 18.3 మీటర్లు చేసిరి. కూడికలును తీసివేతలును ముగిసిన పిమ్మట గీత క్రింద 479 చెట్ల నికరలాభము తేలినది. నఱికినకొలది పెరుగుట రక్తబీజుని కొక్కనికే చెల్లిన విద్య యని పురాణములు విని భ్రమపడితిమి గాని, ఆ విద్య టోక్యో నగరమున ఇన్నాళ్లును భద్రముగనే యున్నదన్నమాట.

ఇంతటి శాస్త్రమును చెట్లకు మాత్రమే వర్తింపజేసి యూరకుండుట పక్షపాతము గాదా? నేను పొట్టకూటికై నిషి-కసాయి పేటలో కాపురముండు తెలుగువాడను; యాకుల్ట్ స్వాలోస్ బేస్‌బాల్ జట్టునకు భక్తుడను. ఈ పేటలో కరివేపాకు దొరకును, కందిపప్పు దొరకును, రోహిత్ శర్మను గూర్చి తెల్లవాఱులు వాదించు మనవారు దొరకుదురు. బేస్‌బాల్ మాట యెత్తినచో వినువాడు మాత్రము దొరకడు. కావున శనివారము ప్రొద్దుననే లేచి, ఆ యుద్యానమున వృక్షగణకులు చేసిన విధముననే ఒక పుస్తకమున మూడు గళ్లు గీచితిని: ఉంచదగినవి, పెకలించి వేఱొకచోట నాటదగినవి, కొట్టివేయదగినవి. వారు చెట్లను విభజించిరి. నేను ఆ యుద్యానములోని జింగూ బేస్‌బాల్ మైదానమునకు వచ్చు అభిమానులను విభజింప సంకల్పించితిని.

పుస్తకమును చూచి మా యావిడ, "ఏమండీ, ఇంతకూ మీరే గడిలోకి వస్తారు?" అని యడిగినది. రెండవ గడిలోనికే యని వినయముగ మనవి చేసితిని. వేళ్లు కత్తిరించి, గోనెపట్ట చుట్టి, విమానమున దింపి, వీసా యను కుండీలో నిలిపిన మొక్కను నేను; గడువు తీరినపుడెల్ల కచేరికి పోయి వరుసలో నిలిచి మన్ను మార్పించుకొందును; ఈ నేలను పట్టుకొంటినో లేదో అధికారులకు నేటికిని నిశ్చయము లేదు. "అయితే మొక్కగారూ, పులిహోర డబ్బా మఱచిపోకండి" అని యామె తలుపు వేసికొన్నది.

తోజాయి మార్గమున నిహోంబాషి వఱకు పోయి, అచట గింజా మార్గమునకు మాఱి, గైయెన్‌మాయె స్టేషనులో దిగి, కొంచెము చుట్టుదారియైనను గింకో వీథి మీదుగ నడచితిని. 1923లో నాటిన 146 వృక్షములు నాలుగు బారులుగ నిలిచియున్నవి. వీనిని కొట్టరట, వీని ప్రక్కన పునాది త్రవ్వుదురంతే. ఆ 18.3 మీటర్ల మర్యాద నన్ను మిక్కిలి యాకర్షించినది. బేస్‌బాల్ ఆటలో బంతి విసరు పిచ్చరునకును, దానిని కొట్టు బ్యాటరునకును నడుమ నుండవలసిన దూరము 18.44 మీటర్లు. అనగా పిచ్చరు బ్యాటరునకు చూపు గౌరవముకన్న పదునాలుగు సెంటీమీటర్లు మాత్రమే తక్కువగ, ఈ కాంక్రీటు గోడ ఒక నూఱేండ్ల చెట్టునకు గౌరవము చూపబోవుచున్నది. పిచ్చరు విసరునది బంతి గనుక బ్యాటరు తప్పుకొనగలడు. చెట్టు సంగతి చెట్టే చూచుకొనవలెను.

జింగూ మైదానము 1926లో కట్టబడినది. శరత్కాలపు శనివారములందు ఇచట పగలు విశ్వవిద్యాలయముల విద్యార్థు లాడుదురు. వారు ముగించి పోయిన పిదపగాని వృత్తి జట్టునకు ప్రవేశము లేదు. 1978లో స్వాలోస్ తొలిసారిగ జపాన్ సిరీస్ ఆడు భాగ్యము పొందినపుడు సైతము, విద్యార్థుల పోటీలున్నవని చెప్పి, సొంత మైదానపు ఆటలను కొరాకుయెన్ మైదానమునకు పంపివేసిరి. పరుల పంచన ఆడియు గెలిచిరి! ఇట్టి యింటిలో అద్దెకున్నవానికి ఓర్పు సహజముగ నలవడును. గేటువద్ద డబ్బాలలోని పానీయములను కాగితపు గ్లాసులలో పోసి యిత్తురు. పులిహోరకు అభ్యంతరము లేదు.

కుడివైపు ఔట్‌ఫీల్డు బల్లలపై నాకెప్పుడును చోటు పట్టి యుంచు తాతగారొకరు కలరు. నన్ను "ఇందో-సాన్" అని పిలుచును. పులిహోరను ఆవురావురుమని తిని, కారము లేదని ఫిర్యాదు చేయును. ఆయనను శాస్త్రోక్తముగ పరీక్షించితిని. మోకాళ్లలో తొఱ్ఱలు, పైకొమ్మలు రాలిపోయినవి, గాలి వీచినపుడు కొంచెము ఊగుట. నిస్సంశయముగ మూడవ గడి. "తాతగారూ, మిమ్ములను తొలగించి మీ స్థానమున ఇద్దఱు శిశువులను నాటుదుము, అభిమానుల సంఖ్య ఒకటికి రెండగును, మీరు సంతోషింపవలెను" అని విన్నవించితిని. ఆయన గ్లాసు క్రింద పెట్టి చాల సేపు ఆలోచించి, "ఆ ఇద్దఱిలో బీరు కొనునదెవడు?" అని మాత్ర మడిగినాడు.

ఇట్టి సంకుచిత దృష్టివలననే ప్రణాళికలు ఆలస్యమగుచున్నవి. పీపాయి వీపున మోసికొని ఒక్క చుక్క తొణకకుండ మెట్లెక్కి దిగు బీరమ్ము పడుచులను మొదటి గడిలోనే యుంచితిని గదా! ఇక పాటల విషయము. ఇచట ఒక్కొక్క బ్యాటరున కొక్కొక్క పాట కలదు. బాకాలును డప్పులును మ్రోగుచుండగా తమ జట్టు బ్యాటింగు చేయునంతసేపును అభిమానులు నిలిచి పాడి, ఎదుటి జట్టు వంతు రాగానే నోరు మూసికొని కూర్చుండి వారి పాటలు విందురు. (మన క్రికెట్టు మైదానములలో ఈ రెండవ సగమును ప్రవేశపెట్టజూచువాడు ప్రాణములపై ఆశ వదలుకొనవలెను.) శిశువులకు ఈ పాటలు రావని కొందఱు ఆక్షేపింతురు. రాకున్న నేమి? ఏడ్చుట వచ్చును, 2024లో పట్టిక అడుగు భాగమున పొర్లాడిన స్వాలోస్ జట్టునకు అంతకన్న సందర్భోచితమైన గానము లేదు. పైగా కంఠముల సంఖ్య పెరిగినది. గీత క్రింద చూచుకొనవలసినది సంఖ్యయే.

పరుగు వచ్చినపుడెల్లను, ఏడవ ఇన్నింగ్సులోను, మా వారందఱు చిన్న గొడుగులు విప్పి టోక్యో ఓందో పాటకు లయగ పైకి క్రిందికి ఆడింతురు. ఈ యాచారమునకు మూలమును తాతగారే నాకు చెప్పిరి: పూర్వము స్వాలోస్ అభిమానులు పిడికెడుమంది యుండుటచేత, గొడుగు విప్పినచో ఒకడు ఇద్దఱుగ కనబడునని వారి నాయకుడొకడు ఈ యుపాయము పన్నెనట. తక్కువను ఎక్కువగ చూపు విద్య ఈ బల్లలపైననే పుట్టినదని తెలిసి నా యొడలు పులకరించినది. ప్రణాళికాకర్తలు ఏదో రాత్రి ఇచటికి వచ్చి, ఒక మూల కూర్చుండి, శ్రద్ధగ నేర్చుకొని పోయియుందురు. అయితే మేము ఆట ముగియగానే గొడుగు మూసి, మేమెంతమందిమో అంతమందిమిగనే ఇంటికి పోవుదుము.

నా పుస్తకము అంతటితో ఆగలేదు. 1934లో ఈ మైదానమున బేబ్ రూత్ ఆడినాడు, ఆయనను తొలగించి, బంతిని నేలబారుగ తట్టు నలుగురిని నాటితిని, లాభము ముగ్గురు. 1978 ఏప్రిల్ మొదటి దినమున, ఔట్‌ఫీల్డు గడ్డిపై కూర్చున్న హరుకి మురకామి అను కాఫీక్లబ్బు యజమాని, డేవ్ హిల్టన్ కొట్టిన డబుల్ చప్పుడు విని, తానొక నవల వ్రాయగలనని తలచెనట. ఆయన ఈ ప్రణాళికను బహిరంగముగ నిరసించినాడు గనుక, తొలగించి, ఆకాశహర్మ్యముల కరపత్రములు వ్రాయు యువకుల నిద్దఱిని నాటితిని. సంగీతకర్త ర్యూఇచి సకమోతో 2023 మార్చిలో మరణింపబోవుచు ఈ చెట్లకొఱకు టోక్యో గవర్నరునకు ఉత్తరము వ్రాసినాడు. జింగూ దేవాలయమువారికి కూడ వ్రాసిన బాగుండునని ఆ గవర్నరమ్మ సెలవిచ్చినది. ఆయనను ప్రత్యేకముగ తొలగింపవలసిన పని లేకపోయినది. ఆ ఖాళీలో లిఫ్టులలో వినిపించు సంగీతమునకు ఇద్దఱిని నాటితిని. అదే యేడు, ఈ పని మానుడని హెచ్చరించిన అంతర్జాతీయ వారసత్వ సంస్థ ఇకోమాస్‌ను తీసివేసి, సరేయను సంఘములను రెంటిని పెట్టితిని. రాత్రి ఆట ముగియువేళకు జింగూ మైదానమున జనసంఖ్య మూడింతలైనది. చూడదగినవాడొక్కడును మిగులలేదు.

స్వాలోస్ ఓడిపోయిరి. తాతగారు తన చెత్తను తానే సంచిలో కట్టుకొని, నా చెత్తను కూడ తీసికొని లేచిరి.

నూఱేండ్ల చెట్టును కొట్టి దానికి మాఱు రెండు మొక్కలు నాటితిమని చెప్పువాడు అబద్ధమాడుట లేదు. అంతకన్న హీనమైన పని చేయుచున్నాడు, నిజముచేత అబద్ధపు చాకిరి చేయించుచున్నాడు. ఈ యుద్యానమెవని సొత్తు? మెయిజీ చక్రవర్తి స్మృత్యర్థము దేశమంతట ప్రజలిచ్చిన చందాలతో, ఊరూర నుండి వచ్చిన యువజన సంఘములవారి చెమటతో ఇది సిద్ధమైనది. 1926లో దీనిని దేవాలయమున కప్పగించుచు, దేవాలయముతో సంబంధము లేని కట్టడములు ఇందు లేవరాదని ఆ చందాలు కూర్చిన సంఘమువారు వ్రాసి మఱి కోరిరి. ఆ దేవాలయపు లోపలి వనము ప్రజలు కానుకగ నిచ్చిన లక్ష చెట్లతో, నూఱేండ్లకుగాని అడవి కాదని తెలిసి తెలిసి నాటిన వనము. నూఱేండ్లన నేమో ఈ భూమిపై వారికన్న బాగుగ నెఱిగినవారు లేరు. ఎఱిగియు ఈ ప్రణాళికపై సంతకము చేసిరి! ఒకప్పుడు ఈ పరిసరమున 15 మీటర్లు మించి కట్టరాదు. 2013 మొదలు ఆ నియమమును కొంచెము కొంచెముగ సడలించుచు వచ్చి, నేడు సుమారు 190 మీటర్ల హర్మ్యమునకు త్రోవ చేసిరి. లాభమున్నది అచట, 479 మొక్కలలో కాదు. ఆ సంగతి ప్రణాళికాకర్తలకు తెలియును, గవర్నరునకు తెలియును, కారము లేని పులిహోర తిను తాతగారికిని తెలియును. మైదానము పాతబడినదందురా, బాగుచేయుడు. రూత్ ఆడిన నేల మీద ఎవడును క్రొత్త కుర్చీలు వలదనలేదు. చందాలిచ్చినవారు చచ్చిపోయిరి గదా యని, వారి కానుకను ముక్కలు చేసి అంతస్తుల లెక్కన అమ్ముకొనుటకు అభివృద్ధి యను పేరు పెట్టుట దొంగతనము.

ఈ కోతను ఆపుడని ఈ నగరమున నివసించు అమెరికా వనిత యొకతె అర్జీ వ్రాయగా, దానిపై రెండు లక్షలకు మించి సంతకములు పడినవి. ఆమెవలె నేనును కుండీలోని మొక్కనే. ఇచట మాకు ఓటు లేదు. ఓటున్న టోక్యో నగరవాసులు 2024 జూలైలో ఆ గవర్నరునే మూడవ మాఱు గెలిపించిరి.