మూడో అడుగు ఎక్కడ?

డాక్టరుగారు షుగరు రిపోర్టు చూసి, "రోజూ నడవండి" అన్నారు. హైదరాబాద్‌లో ముప్ఫై ఏళ్లుగా ఉంటున్నవాణ్ణి, వెంటనే అర్థమైపోయింది. "అంటే కారు కొనుక్కోమంటారా?" అన్నాను. ఆయన నవ్వారు. నేను జోకేమీ వేయలేదు.

మా ఊళ్లో నడక ప్రయాణం కాదు, వైద్యం. నడవదలచినవాడు తెల్లారకముందే కారు తీసి, కేబీఆర్ పార్కుకి పోయి, కారు పెట్టుకునే జాగా కోసం బయట రెండు చుట్లు తిరిగి, లోపల ఒక చుట్టు నడిచి, మళ్లీ కారెక్కి ఇంటికొస్తాడు. ఆయన ఆరోగ్యం మీద శ్రద్ధ ఉన్న మనిషి. కూరల సంచితో బస్టాపుకి నడిచేవాణ్ణి మాత్రం "పాపం, బండి లేదు కాబోలు" అన్నట్టు చూస్తారు.

ఫుట్‌పాత్ మీద నడిచే హక్కు కూడా జీవించే హక్కులో భాగమేనని 2025 మేలో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ ధైర్యంతో నేనూ ఒకరోజు మా గేటు దాటి బయల్దేరాను. ఫుట్‌పాత్‌కి అడ్డేమీ లేకుండా కనీసం 1.8 మీటర్ల వెడల్పు ఉండాలి, ఎత్తు 150 మిల్లీమీటర్లు మించకూడదు అని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క. మా వీధిలో ఆ రెండు అంకెలూ తారుమారైనట్టున్నాయి. ఎక్కడానికే మోకాలు పట్టుకోవాల్సి వచ్చింది. ఎక్కగానే ట్రాన్స్‌ఫార్మర్, దాని చుట్టూ కంచె. దిగాను. మళ్లీ ఎక్కితే ఇడ్లీ బండి. దాన్ని నేనేమీ అనను, వారానికి మూడు రోజులు నా టిఫిను అక్కడే. ఆ తర్వాత బైకులు రాకుండా పాతిన సిమెంటు దిమ్మెలు. వాటి సందులోంచి బైకు వయ్యారంగా దూరిపోయింది, నా పొట్ట దూరలేదు.

వామనుడికి రెండడుగులయ్యాక మూడోది ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న వచ్చిందట. నాకూ సరిగ్గా అక్కడే వచ్చింది. ఆయనకు బలిచక్రవర్తి తల వంచాడు, నాకు మ్యాన్‌హోల్ నోరు తెరిచింది.

సరే, రోడ్డు దాటాలంటే? పైకెక్కాలి. ఉప్పల్‌లో 2023లో స్కైవాక్ కట్టారు, లిఫ్టులతో సహా. బాగానే ఉంది. కాకపోతే పంపకం గమనించండి: చక్రాలున్న వాటికి నేల, కీళ్లనొప్పులున్న వాళ్లకు ఆకాశం. మెట్రో కూడా ఆకాశంలోనే, 69 కిలోమీటర్లు చల్లగా ఎగిరిపోవచ్చు. స్టేషన్ మెట్లు దిగాక ఇంటిదాకా ఉన్న కిలోమీటరుకి ఆటో అతను చెప్పే రేటు వింటే, మళ్లీ మెట్రో ఎక్కి వెనక్కి పోవాలనిపిస్తుంది. సిటీ బస్సుంది కదా అంటారా? 2023 డిసెంబరు నుంచి మా ఆవిడకి జీరో టికెట్. ఇద్దరం ఒంటికాలి మీదే నిలబడతాం, ఆవిడ ఉచితంగా, నేను డబ్బులిచ్చి.

సైకిలు మాటకొస్తే మాత్రం మనవాళ్లకు వంక పెట్టలేం. 2023 అక్టోబరులో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల ట్రాక్ తెరిచారు. నాలుగున్నర మీటర్ల వెడల్పు, పైన దాదాపు పొడుగునా సోలార్ పలకల కప్పు. కింద నీడ, మీద కరెంటు. ఆదివారం పొద్దున కార్లు సైకిళ్లను వీపున మోసుకుంటూ అటే పోతుంటాయి. కారుకి ఆ మాత్రం వ్యాయామం ఉండాలి.

మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ రోజూ బోరబండ నుంచి సైకిల్ మీదే వస్తాడు. మే నెల మధ్యాహ్నం చెమటలు కక్కుతూ స్టాండు వేస్తుంటే, ఆ నీడ సంగతంతా చెప్పాను. వెడల్పు, పొడవు, కెమెరాలు, అన్నీ. తువ్వాలతో మెడ తుడుచుకుంటూ శ్రద్ధగా విన్నాడు.

"మంచిగుంది సార్," అన్నాడు. "గాడ వాచ్‌మన్ డ్యూటీ ఏమన్న ఖాళీ ఉంటదా?"